మంచం పక్కన మనిషికి జీతం

మంచం పట్టిన ముసలివాళ్లను, పక్కన మనిషి లేనిదే పూట గడవని వికలాంగులను ఇంట్లో ఉండి కనిపెట్టుకునేవారికి ప్రభుత్వం నెలనెలా జీతం ఇవ్వాలని ఎవరైనా అంటే మన దగ్గర మొదట ఎదురయ్యే మాట ఒకటే: కన్నవాళ్లను చూసుకోవడానికి కూడా డబ్బులా? ఈ మాట అనేవారిలో చదువుకున్నవారూ ఉన్నారు, చదువు లేనివారూ ఉన్నారు. మిగతా ఏ విషయంలోనూ పొసగని సంప్రదాయవాదులూ అభ్యుదయవాదులూ ఇక్కడికొచ్చేసరికి చేతులు కలుపుతారు. సేవ అభిమానంలోంచి పుట్టాలి, దానికి వెల కడితే అభిమానం పోయి బేరం మిగులుతుంది, కుటుంబాలు చితికిపోయిన పడమటి దేశాలకు ఆ ఏర్పాట్లు కావాలేమో గానీ మనకెందుకు అన్నది వారి తర్కం. వినడానికి అది ఎంత మర్యాదగా ఉంటుందంటే, కాదన్నవాడు తల్లికి పెట్టిన అన్నానికి బిల్లు రాసేవాడిలా కనిపిస్తాడు. అందుకే ఎవరూ కాదనరు. నేను కాదంటున్నాను. ఈ తర్కంలో సేవ మీద గౌరవం లేదు. సేవకయ్యే ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందో బయటపడనీయకుండా కప్పిపెట్టడమే అందులో ఉంది.

ముందు ఆ పనేమిటో చూద్దాం. పక్షవాతంతో పడిపోయిన మనిషికి పడక పుండ్లు పడకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి, పగలూ రాత్రీ. డైపర్ మార్చాలి, మూత్రం సంచి ఖాళీ చేయాలి, గొట్టం దగ్గర చీము పట్టకుండా చూడాలి. మింగలేనివారికి ముక్కు గొట్టంలోంచి జావ పోసేటప్పుడు తల ఎత్తి పెట్టకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మంచం మీంచి కుర్చీలోకి దించేటప్పుడు పట్టు తప్పితే ఇద్దరూ పడతారు. మతిమరుపు జబ్బు ముదిరినవారు అర్ధరాత్రి గడియ తీసుకుని వీధిలోకి వెళ్లిపోతారు, స్నానం చేయించబోతే కొడతారు, తిడతారు. ఆసుపత్రిలో ఈ పనిని నర్సులు, ఆయాలు, వార్డుబాయ్‌లు మూడు షిఫ్టుల్లో పంచుకుంటారు. ఇంట్లో ఒక్కరే చేస్తారు, అదీ ఏళ్ల తరబడి. ఆ ఒక్కరు భార్యో, కూతురో, కోడలో అయివుంటారు. కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవారి సంరక్షణలో రోజూ కొంత సమయం గడుపుతున్నారు, పురుషుల్లో 21.4 శాతం. ఆ పని చేసేవారిలోనూ స్త్రీలకు పట్టే సమయం రోజుకు 140 నిమిషాలు, పురుషులకు 74. పిల్లల పెంపకం కూడా ఇందులోనే కలిసి ఉంది. వంట, గిన్నెలు, బట్టలు వేరే పద్దు. వాటికి స్త్రీలకు మరో 305 నిమిషాలు. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో ఈ సగటులకు అర్థమే లేదు. అక్కడ రోజంతా అదే పని.

శ్రవణకుమారుడి కథ చెప్పుకుని మురిసిపోయే సమాజం మనది. ఆ కథలో కావడి మోసింది కొడుకే, కాదనను. మన ఇళ్లలో మాత్రం తలకొరివి కొడుకుది, మలమూత్రాలు కోడలివి. చట్టం చూపూ అంతే. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ బాధ్యతను కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్ల మీద పెట్టింది. నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. పెద్దవాళ్లను దిక్కులేకుండా వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. అస్సాం 2017లో ప్రణామ్ చట్టం చేసి, తల్లిదండ్రులను పట్టించుకోని ప్రభుత్వోద్యోగి జీతంలో 10 నుంచి 15 శాతం కోసి వాళ్లకు ఇప్పించే వీలు కల్పించింది. ఈ చట్టాలు వద్దని నేననను. అయితే వీటన్నిటిలోనూ ఉన్నది వదిలిపోయినవాడికి శిక్షే. వదిలిపోకుండా ఉండిపోయిన మనిషి సంగతేమిటని ఏ సెక్షనూ అడగలేదు. పోషణ అంటే తిండి, బట్ట, నీడ, వైద్యం అని రాసుకున్నారు. ఆ తిండిని నోటికి, ఆ బట్టను ఒంటికి చేర్చే చేతులు ఎవరివో రాసుకోలేదు. సంతానానికి 2007 చట్టం ఇచ్చిన నిర్వచనంలో కోడలి పేరే లేదు. బాధ్యత లేకపోవడం ఆమెకు మేలే అనుకుందామన్నా, పని మాత్రం ఆమెను వెతుక్కుంటూ వచ్చేస్తుంది.

విచిత్రం ఏమిటంటే, సేవకు వెల కట్టకూడదన్న నియమాన్ని మన ప్రభుత్వం ఎప్పుడో వదిలేసింది, కాకపోతే కొందరి విషయంలోనే వదిలేసింది. నూటికి నూరు శాతం వైకల్యంతో కొలువు నుంచి తప్పుకున్న సైనికులకు, కేంద్ర ప్రభుత్వోద్యోగులకు పింఛనుతో పాటు నిరంతరం పక్కన ఉండే సహాయకుడి కోసం ఒక భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత, 2017 జూలై నుంచి, అది నెలకు 4,500 రూపాయల నుంచి 6,750 అయింది. ఆ భత్యం అందుకున్న ఇంట్లో మాజీ సైనికుడి మీద భార్యకు ప్రేమ తగ్గిందని ఎవరూ వాపోలేదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీ అని ఒక సెక్షను: వికలాంగులైన కుటుంబ సభ్యుల బాగోగులు చూసే పన్ను చెల్లింపుదారుకు 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 రూపాయలు మినహాయింపు. పన్ను కట్టేంత ఆదాయం ఉన్నవాడి అభిమానం ఈ రాయితీతో మలినం కాదు కాబోలు! ఇక కోర్టులు. రోడ్డు ప్రమాదంలో పూర్తిగా వికలాంగురాలైన ఒక బాలిక కేసులో 2020లో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకులకు నెలకు 5,000 చొప్పున, 18 అన్న గుణకంతో లెక్కగట్టి 21,60,000 రూపాయలు ఒక్క సంరక్షణ పద్దు కిందే ఇప్పించింది. మరుసటి జనవరిలో మన జస్టిస్ ఎన్.వి. రమణ ఇంకో ప్రమాద కేసులో విడిగా రాసిన తీర్పులో, 2019 సమయ వినియోగ సర్వే అంకెలు చూపించి మరీ, ఇంట్లో స్త్రీ చేసే పనికి ఆర్థిక విలువ లేదనుకోవడం తప్పని తేల్చారు. ఇంత న్యాయమూ మనిషి పోయాకో, ప్రమాదం జరిగాకో మాత్రమే దక్కుతుంది. బీమా కంపెనీ కట్టవలసి వచ్చినప్పుడు సేవకు వెల ఉంది. ఖజానా కట్టవలసి వచ్చేసరికి అది వెలలేనిదైపోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ ముడి విప్పే ప్రయత్నం ఒకటి చేసింది. ఎక్కువ సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని 24వ సెక్షనులో రాసింది. ఆర్థిక స్తోమత మేరకు అన్న తోకనూ అక్కడే తగిలించింది. ఆ తోక పట్టుకునే చాలా రాష్ట్రాలు ఊరుకున్నాయి. కేరళ అంతకు ముందు నుంచే ఆశ్వాసకిరణం పేరిట మంచం పట్టినవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయలు ఇస్తోంది, అదీ బకాయిలు పడుతూ. తెలంగాణలో వికలాంగ పింఛను 4,016 రూపాయలు, పక్కన మనిషి అవసరమైనా కాకపోయినా అంతే. ఆంధ్రప్రదేశ్ ఇందులో ఒక అడుగు ముందుంది. 2024 జూలై నుంచి అక్కడ వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. దేశంలో ఇంత పింఛను అరుదు, మెచ్చుకోవలసిందే. అయితే ఆ రెండు అంకెల మధ్య ఉన్న 9,000 రూపాయలు దేనికి? డైపర్లూ మందులూ పక్కనపెట్టి, మొత్తం సంరక్షణ కోసమే అనుకుందాం. నెలకు 720 గంటలు, గంటకు పన్నెండున్నర రూపాయలు. 2025–26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307. ఆ రేటున 9,000 అంటే 29 రోజుల కూలి. ఆసుపత్రిలో మూడు షిఫ్టులుగా నడిచే పనిలో ఒక్క షిఫ్టుకు మట్టి తవ్వే కూలి సరిపోయింది. మిగతా రెండు షిఫ్టులూ ఇప్పటికీ ప్రేమ ఖాతాలోనే నడుస్తున్నాయి. పైగా ఆ డబ్బు రోగి పేరున వస్తుంది. రోగి పోయిన మర్నాడు ఆగిపోతుంది. పదేళ్లు పక్కనున్న మనిషి ఆ రోజుకు యాభై దాటి, పనికి పోవడం మరిచిపోయి, పేరు మీద పైసా లేకుండా మిగులుతుంది.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం. డబ్బు ప్రేమను చంపుతుందా? ఈ భయానికి పండితుల అండ లేకపోలేదు. రిచర్డ్ టిట్మస్ అనే బ్రిటిష్ పండితుడు రక్తదానం మీద 1970లో పుస్తకం రాసి, రక్తానికి డబ్బిస్తే దాతృత్వం క్షీణిస్తుందని వాదించాడు. ఇజ్రాయెల్‌లో హైఫా నగరపు శిశు సంరక్షణ కేంద్రాల్లో, పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గడానికి బదులు పెరిగాయని ఇద్దరు ఆర్థికవేత్తలు 2000లో ప్రచురించారు. ఈ రెండూ విలువైన పరిశీలనలే. కానీ రక్తమిచ్చేవాడు అరగంట పడుకుని లేచి తన కొలువుకు తాను పోతాడు; కొలువు మానుకోడు. హైఫా ఉదంతం ఇంకా ఆసక్తికరం. అక్కడ తల్లిదండ్రులు ఇచ్చిన కొద్దిపాటి జరిమానాతో కొనుక్కున్నది ఎవరి సమయాన్ని? సాయంత్రం ఇంటికి పోకుండా పిల్లల దగ్గర కూర్చుండిపోయిన ఆయాల, పంతులమ్మల సమయాన్ని. వెల మరీ చవకైతే జనం మొహమాటం లేకుండా వాడేసుకుంటారన్నది దాంట్లోంచి తీయవలసిన పాఠం. వెల ఉండకూడదన్న పాఠం అందులో లేదు. సేవకు సున్నా వెల కట్టిన మన ఇళ్లలో ఆ మొహమాటం ఎంత మిగిలిందో చెప్పనక్కరలేదు.

ప్రేమకూ జీతానికీ పొత్తు కుదరదనేవారు బెల్జియంలోని గేల్ పట్టణం సంగతి చూడాలి. పదమూడో శతాబ్దం నుంచీ ఆ ఊరి కుటుంబాలు మానసిక రోగులను తమ ఇళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నాయి. సెయింట్ డింఫ్నా గుడికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లతో మొదలైన ఆచారం అది. పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి దాన్ని ప్రభుత్వం తన పర్యవేక్షణలోకి తీసుకుంది, కుటుంబాలకు డబ్బు ఇస్తూ వచ్చింది. 1930ల చివరికి అక్కడి ఇళ్లలో 3,700 మందికి పైగా ఉండేవారు. ఇంటి యజమానులు చనిపోతే వారి పిల్లలు ఆ అతిథిని తమ దగ్గరే ఉంచుకున్న కుటుంబాలు ఎన్నో. రక్తసంబంధం లేని మనుషులు, నెలనెలా ప్రభుత్వ సొమ్ము, అయినా బంధం తరం దాటింది. ఆ సంఖ్య ఇప్పుడు కొన్ని వందలకు పడిపోయిన మాట నిజమే. పొలం పనులు తగ్గడం, ఇంట్లో ఆడవాళ్లు బయట ఉద్యోగాలకు వెళ్లడం, మందులూ వైద్యపద్ధతులూ మారడం అందుకు కారణాలు. మన దగ్గర కూడా గురువుకు దక్షిణ ఉంది, పురోహితుడికి సంభావన ఉంది, మంత్రసానికి చీర ఉంది. డబ్బు పుచ్చుకున్నాడని పురోహితుడి మంత్రం పనిచేయదని అన్నవాళ్లను నేనైతే చూడలేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం అమెరికా నుంచి ఉంది. అక్కడ పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ కింద ఇంటికొచ్చి సాయం చేసే మనుషులను ఏజెన్సీలు పంపేవి. 1998లో మొదలుపెట్టి ఆర్కన్సా, న్యూజెర్సీ, ఫ్లోరిడా రాష్ట్రాల్లో క్యాష్ అండ్ కౌన్సెలింగ్ అనే ప్రయోగం చేశారు. ఆరున్నర వేల మందిని చీటీలు వేసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఎప్పటిలాగే ఏజెన్సీ మనిషిని, రెండో జట్టుకు డబ్బు చేతికిచ్చి నచ్చిన మనిషిని పెట్టుకొమ్మన్నారు. చాలామంది కూతురినో చెల్లెలినో పక్కింటామెనో పెట్టుకున్నారు. ఫలితాలను మ్యాథమెటికా అనే పరిశోధన సంస్థ కొలిచింది. రెండో జట్టువారి అవసరాలు మెరుగ్గా తీరాయి, సంతృప్తి ఎక్కువ, పడిపోవడాలూ పడక పుండ్లూ పెరగలేదు, చూసుకునేవారి మీద ఒత్తిడి తగ్గింది. జీతం వచ్చింది కదాని కూతురు తల్లిని నిర్లక్ష్యం చేస్తుందన్న జోస్యం ఫలించలేదు. ఖర్చు మాట దాచనక్కరలేదు, మొదట్లో పెరిగింది. అంతకు ముందు కాగితం మీద మంజూరై ఇంటికి చేరని సాయం ఈసారి నిజంగా చేరింది కాబట్టి పెరిగింది. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఇంటి సహాయ పథకం కింద జీతం తీసుకునేవారిలో సగానికి ఎంతో మించి బంధువులే.

మోసాలు జరగవా అంటే జరుగుతాయి. పింఛన్లలో జరగలేదా, రేషన్ కార్డుల్లో జరగలేదా? అయితే మోసం ఎక్కడ ఊరుతుందో చూడటం అవసరం. పైన చెప్పిన మూడు రాష్ట్రాల ప్రయోగంలో కుటుంబాలు డబ్బు పక్కదారి పట్టించిన సందర్భాలు చాలా తక్కువ. న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాంటి పథకమే ఏడాదికి వందల కోట్ల డాలర్లకు పెరిగి గగ్గోలు పుట్టినప్పుడు ప్రభుత్వం వేలెత్తి చూపింది జీతాల చెల్లింపు పేరిట మధ్యలో చేరిన వందలాది కంపెనీలను. వాటన్నిటినీ తీసేసి 2025లో ఒకే సంస్థకు అప్పగిస్తే, ఈసారి జీతాలు ఆలస్యమయ్యాయని పనివాళ్లు రోడ్డెక్కారు. దళారీ ఒక్కడైనా వందమందైనా దళారీయే. మన దగ్గర పింఛను సొమ్ము మనిషి చేతికి నేరుగా అందే ఏర్పాటు ఇప్పటికే ఉన్నందువల్ల ఈ ఒక్క విషయంలో మనం న్యూయార్క్ కంటే మెరుగ్గా ఉన్నాం.

సొంతవాళ్లు లేని ఇళ్ల సంగతి వేరని కొందరంటారు. అక్కడ ఎలాగూ జీతగాళ్లే కదా అంటారు. వేరేమీ కాదు. ఇంటి కోడలికి జీతం ఎగ్గొట్టే వాదనే రూపం మార్చుకుని పనిమనిషి జీతాన్నీ కొరుకుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏజెన్సీలు పంపే ఇరవై నాలుగు గంటల కేర్‌టేకర్‌ను చూడండి. అదే గదిలో కింద చాప వేసుకుని పడుకోవాలి, పెద్దాయన మూలిగితే లేవాలి, వారం సెలవు ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, ఇచ్చిన దాంట్లో ఏజెన్సీ వాటా పోగా మిగిలింది చేతికి. అడిగితే వచ్చే జవాబు: తిండి పెడుతున్నాం, పడుకోనిస్తున్నాం, మా ఇంటి మనిషిలా చూసుకుంటున్నాం. ఇంటి మనిషి అయినందుకు కోడలికి జీతం లేదు, ఇంటి మనిషిలాంటిది అయినందుకు ఈమెకు పనిగంటలు లేవు. అమెరికాలో ఇదే మాటకు 1974 నుంచి చట్టబలం ఉండేది. వృద్ధులకు తోడుగా ఉండేవారిని కనీస వేతనం, ఓవర్‌టైమ్ రక్షణల్లోంచి తప్పించారు. ఎవెలిన్ కోక్ అనే జమైకా స్త్రీ, న్యూయార్క్ శివార్లలో ముసలివాళ్ల ఇళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి, కొన్నిసార్లు ఇరవై నాలుగు గంటలూ పక్కనే ఉండి, ఓవర్‌టైమ్ కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2007లో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. రెండేళ్లకు ఆమె చనిపోయింది. ఆమె అడిగిన రక్షణ 2013లో నిబంధనగా వచ్చి 2015లో అమలైంది. దాన్ని వెనక్కి తీసుకోవాలని 2025లో మళ్లీ ప్రతిపాదన పెట్టారు. జర్మనీలో ఒక బల్గేరియా స్త్రీని వారానికి 30 గంటల ఒప్పందం మీద ఒక ముసలామె ఇంట్లో పెట్టి, రాత్రింబవళ్లు అందుబాటులో ఉంచుకున్నారు. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉన్న గంటలకు కూడా కనీస వేతనం ఇవ్వాల్సిందేనని 2021 జూన్‌లో అక్కడి ఫెడరల్ కార్మిక న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఆ తీర్పు విని మధ్యతరగతి ఇల్లు గుండె బాదుకుంటుంది, అది సహజమే. చట్టప్రకారం మూడు షిఫ్టులకు ముగ్గురిని పెట్టుకునే స్తోమత ఎందరికుంది? ఒక పింఛనుదారు తన పింఛనంతా పోసినా చాలదు. సరిగ్గా అందుకే ఇది ఇంటింటి సొంత వ్యవహారంగా ఉండిపోతే పరిష్కారం కాదంటున్నాను. ఇంటివాళ్ల దగ్గర లేని డబ్బును పనిమనిషి రక్తంలోంచి పిండడం, లేదా కోడలి ఆయుష్షులోంచి పిండడం, ఈ రెండే దారులు మిగులుతాయి. మూడో దారి అందరూ కలిసి భరించడం. తెలుగువాళ్లకు ఇది దూరపు ముచ్చటేమీ కాదు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి ఎంతోమంది ఇజ్రాయెల్‌కు వెళ్లి అక్కడి వృద్ధుల ఇళ్లలోనే ఉండి వారిని చూసుకుంటున్నారు. ఆ జీతంలో కొంత భాగం 1988 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం అక్కడి జాతీయ బీమా సంస్థ నుంచి వస్తుంది. అక్కడా అన్యాయాలున్నాయి. ఇంట్లోనే ఉండే సంరక్షకులకు పనిగంటల చట్టం వర్తించదని ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు 2009లో తీర్పిచ్చింది, 2013లో మళ్లీ అదే చెప్పింది. అయినా పరాయి దేశపు తాతకు స్నానం చేయించి సంపాదించిన డబ్బుతో ఇక్కడ ఇల్లు కట్టినవాడిని ఊరంతా ప్రయోజకుడంటుంది. అదే ఇంట్లో అతని తండ్రికి స్నానం చేయించే మనిషిది మాత్రం ఉద్యోగం కాదంటుంది.

నాకు తల వంచి వినాలనిపించిన అభ్యంతరం ఒకటుంది. అది సంప్రదాయవాదుల నుంచి రాలేదు, జపాన్ స్త్రీవాదుల నుంచి వచ్చింది. 2000 ఏప్రిల్‌లో జపాన్ దీర్ఘకాల సంరక్షణ బీమా మొదలుపెట్టే ముందు, జర్మనీలాగా కుటుంబాలకు నగదు ఇవ్వాలా వద్దా అన్న చర్చ ఏళ్లపాటు నడిచింది. హిగుచి కెయికో నాయకత్వంలోని మహిళా సంఘం నగదు వద్దని గట్టిగా నిలబడింది. నగదు ఇస్తే అది కోడలి మెడకు గుదిబండ అవుతుంది, నెలకు ఇంత వస్తోంది కదా, ఉద్యోగం మానేసి అత్తను చూసుకో అని ఇంటివాళ్లు ఆమెను కూర్చోబెడతారు అన్నది వారి వాదన. ప్రభుత్వం వారి మాట విన్నది. నగదుకు బదులు ఇంటికొచ్చే సహాయకులు, పగటి సంరక్షణ కేంద్రాలు, కొద్దిరోజులు ఉంచుకునే గృహాలు ఏర్పాటు చేసింది. కోడలిని గదిలోంచి బయటికి తెచ్చిన సంస్కరణల్లో ఇదొకటి, దాన్ని తేలిగ్గా తీసుకోలేను.

అయినా జపాన్ దారిని మనకు యథాతథంగా అప్పగించేవారితో నాకు పేచీ ఉంది. అక్కడ నగదు కాదన్నప్పుడు, దానికి బదులుగా ఇవ్వడానికి సేవలు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా మండలంలోనో ఆదిలాబాద్ తండాలోనో నగదు వద్దంటే మిగిలేది శూన్యం. కోడలు అప్పుడూ ఇంట్లోనే ఉంటుంది, డబ్బు లేకుండా ఉంటుంది, అంతే తేడా. అంత బలమైన సేవలున్న జపాన్‌లో కూడా ఏటా దాదాపు లక్షమంది ఇంట్లోవారిని చూసుకోవడం కోసం ఉద్యోగాలు మానేస్తున్నారు. అందువల్ల హిగుచి హెచ్చరికను నేను జీతం వద్దనడానికి కారణంగా చదవను, ఎలాంటి జీతం కావాలో చెప్పే షరతుగా చదువుతాను. జర్మనీ 1995 నుంచి నడుపుతున్న ఏర్పాటులో ఆ షరతు కొంత నెరవేరింది. నగదు కావాలా, ఇంటికి మనిషి కావాలా, రెండూ కలిపా అన్నది కుటుంబం ఎంచుకోవచ్చు. మూడో శ్రేణి అవసరం ఉన్నవారికి 2025లో నగదైతే నెలకు 599 యూరోలు, సేవల రూపంలో అయితే 1,497 యూరోల దాకా. నగదు సగానికి తక్కువ. కుటుంబ శ్రమను అక్కడా సగం ధరకే కొంటున్నారన్నమాట. ఆ పిసినారితనాన్ని నేను సమర్థించను. కానీ వారానికి పది గంటలు, కనీసం రెండు రోజుల్లో, సంరక్షణ చేసే బంధువు పేరున వృద్ధాప్య పింఛను చందాను ప్రభుత్వ బీమాయే కడుతుంది. ఆమెకు సెలవు కావాలంటే ఏడాదిలో ఎనిమిది వారాల దాకా బదులు మనిషి ఖర్చు భరిస్తుంది. చందా, సెలవు, ఎంపిక లేని జీతం నిజంగానే గుదిబండ. అవి ఉంటే, మానేస్తాననగల హక్కు ఆమెకు మొదటిసారి దక్కుతుంది.

ఖర్చు సంగతి. ఇంత డబ్బు ఎక్కడుందని అడిగేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. ఈ పని ఇప్పుడు ఉచితంగా జరగడం లేదు. చదువు మధ్యలో ఆపేసిన కూతురు, కూలికి పోలేని భార్య, నడుము పోయిన కోడలు దాన్ని కడుతున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 లెక్కల ప్రకారం సంరక్షణ బాధ్యతల వల్ల పనిచేసే లోకానికి దూరమైన స్త్రీలు ప్రపంచంలో 70 కోట్ల 80 లక్షల మంది. మన కేంద్ర ప్రభుత్వం 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు ఇచ్చే వాటా 2007 నుంచీ నెలకు 200 రూపాయల దగ్గరే నిలబడిపోయింది. ఇన్నేళ్లలో మారని అంకె ఖజానాలో అది ఒక్కటేనేమో. జనాభాలో 60 దాటినవారు 2011లో వందకు ఎనిమిదిమంది పైచిలుకు. 2036కు దాదాపు పదిహేను మంది అవుతారని కేంద్రం వేసుకున్న అంచనాలే చెబుతున్నాయి. పిల్లల సంఖ్య తగ్గిన తెలుగు రాష్ట్రాల్లో ఈ భారం ముందే వస్తుంది. ఒక్క కొడుకు, ఒక్క కోడలు, నలుగురు ముసలివాళ్లు, అందులో ఆ ఇద్దరూ హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో. వాళ్లు ఉమ్మడి కుటుంబాన్ని కూల్చిన పాపులనుకున్నా, మంచం మీద ఉన్న మనిషికి రెండు గంటలకోసారి పక్క మార్చేవారు ఎవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది పెద్ద చిక్కేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 15,000 రూపాయల పింఛను తీసుకునేవారి జాబితా సిద్ధంగా ఉంది. 2025లో వైద్య బృందాలు ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ తిరిగి పరీక్షించాయి కూడా. ఆ పింఛనును ముట్టుకోకుండా, పక్కనుండి చూసుకునే మనిషి పేరున, ఆమె బంధువైనా జీతగత్తె అయినా, వేరే ఖాతాలో ఉపాధి హామీ కూలికి తగ్గకుండా నెల జీతం వేయాలి. వృద్ధాప్య పింఛను చందా కట్టాలి. నెలకు నాలుగు రోజులు బదులు మనిషిని పంపాలి. పడక పుండ్లు రాకుండా పక్క మార్చడం, గొట్టాలు చూసుకోవడం ఏఎన్‌ఎం చేత నేర్పించాలి. ఏజెన్సీల ద్వారా వచ్చేవారికి పనిగంటలు, వారం సెలవు, ఏజెన్సీ కోతకు పరిమితి రాసిపెట్టాలి. తెలంగాణ తన 4,016లోంచి అలాంటివారిని విడదీసి ఇదే చేయవచ్చు. ఆ రెండో ఖాతా ఎవరి పేరున తెరవాలో కనుక్కోవడానికి కొత్త సర్వే అక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయ సిబ్బంది పింఛను పట్టుకుని ఆ ఇళ్లకు వెళ్తూనే ఉన్నారు, వాళ్లకు తలుపు తీసేది ఎక్కువసార్లు ఆమే.